ఎమర్జెన్సీ జ్ఞాపకాలకు నాటకరూపం: ఒక శిబిరంపై సమీక్ష

హైదరాబాదులో ఒక చిన్న నాటక బృందం నిర్వహిస్తున్న శిబిరంలో, ఎమర్జెన్సీ నాటి సొంత జ్ఞాపకాలను పాల్గొన్నవారే చెప్పుకొని, అక్కడికక్కడే కలిసి నాటకంగా కట్టుకుంటారు. ముందుగా రాసిపెట్టుకున్న నాటక ప్రతి ఏదీ ఉండదు. ఒకరు తమ అనుభవం చెప్పి, అందులోని పాత్రలకు నటులను తామే ఎంచుకుంటారు. సూత్రధారి రెండు మూడు ప్రశ్నలు అడిగాక నటులు దానిని ఆడి చూపుతారు. ప్లేబ్యాక్ థియేటర్ అనే ఈ పద్ధతిని అమెరికాలో జొనాథన్ ఫాక్స్, జో సాలస్ 1975లో ప్రారంభించారు. మన దేశంలో అత్యవసర పరిస్థితి విధించినదీ ఆ ఏడాదే కావడం యాదృచ్ఛికమే.

శిబిరంలో నాకు బాగా నచ్చినది, ప్రదర్శనను సరిదిద్దే హక్కు కథ చెప్పినవారికే ఉండటం. తండ్రిని, విచారణ లేకుండానే నిర్బంధించే మీసా చట్టం కింద పట్టుకెళ్లిన రాత్రి గురించి ఒక విశ్రాంత ఉపాధ్యాయిని చెప్పగా, నటులు అరుపులు, తోపులాటలతో దానిని రక్తికట్టించబోయారు. ఆమె వెంటనే ఆపి, ‘‘లేదమ్మా, ఎవరూ అరవలేదు. నాన్నగారు చొక్కా మార్చుకొని, పాలవాడికి ఎంత ఇవ్వాలో అమ్మకు చెప్పి బయలుదేరారు’’ అన్నారు. రెండవసారి ఆడినప్పుడు ఆ పాల బాకీ మాట తప్ప వేదికపై మరే మాటా వినిపించలేదు. మొదటి ప్రదర్శనలో పోలీసులే కనిపించారు; ఆ ఇల్లు కనిపించింది రెండవదానిలోనే.

తరువాత ఒక విశ్రాంత రైల్వే గుమాస్తా, ఆ రోజుల్లో రైళ్లు వేళకు నడిచేవనీ, తమ కుటుంబానికి ఏ ఇబ్బందీ కలగలేదనీ చెప్పారు. 1977 ఎన్నికల్లో ఉత్తర భారతమంతటా చిత్తుగా ఓడిన కాంగ్రెస్, ఆంధ్రప్రదేశ్‌లోని 42 లోక్‌సభ స్థానాల్లో 41 గెలిచిందన్న సంగతి గుర్తున్నవారికి ఈ మాట వింతగా తోచదు. నటులు ఆయన జ్ఞాపకాన్నీ అంతే శ్రద్ధగా ఆడారు. అయితే తరువాతి చర్చలో ఆయన చేత పశ్చాత్తాపం పలికించాలని సూత్రధారి పట్టుబట్టడం ఏమాత్రం బాగాలేదు.

పరిచయ ప్రసంగం ఢిల్లీ తుర్క్‌మాన్ గేట్ వద్ద జరిగిన ఇళ్ల కూల్చివేతల చుట్టూనే తిరిగింది. హైదరాబాదులోనే, ముషీరాబాద్ జైలులో, 1975 డిసెంబర్ 1న ఉరితీసిన నక్సలైట్ ఉద్యమ రైతులు భూమయ్య, కిష్టాగౌడ్‌ల ఊసే రాలేదు. బెంగళూరు జైలులో ఆరోగ్యం పాడై, విడుదలైన కొద్ది రోజులకే 1977 జనవరిలో మరణించిన రంగస్థల నటి స్నేహలతా రెడ్డిని నాటకరంగం వారే మరచిపోవడం మరీ విచారకరం.

యువకులు అమ్మమ్మల నోట విన్న కథలను తమ అనుభవాలుగా చెబుతున్నప్పుడు నిర్వాహకులు ఆ తేడాను స్పష్టం చేయవలసింది. డోలక్ మోత కూడా ఎక్కువే. మెల్లగా మాట్లాడే వృద్ధుల గొంతులు అందులో కలిసిపోయాయి. ఇన్ని లోపాలున్నా, కట్టిన రుసుము వృథా కాలేదనే నా అభిప్రాయం. ఆ కాలాన్ని స్వయంగా చూసిన పెద్దలను వెంటబెట్టుకొని వెళ్లండి. అందరినీ జంపఖానా మీదే కూర్చోబెడుతున్నారు కనుక, వారికి కుర్చీలు కావాలని ముందుగానే చెప్పి ఉంచండి.