షోరూంలో 10 శాతం, బ్యాంకులో 14, ఊళ్ళో రెండు రూపాయలు: ఏ అప్పు మేలు?

పోయిన నెల మా తమ్ముడు బైకు షోరూం నుంచి ఫోన్ చేశాడు. "అన్నా, 90 వేలు లోను కావాలి. బ్యాంకులో 14 శాతం అన్నారు, ఇక్కడ ఫైనాన్స్ వాళ్ళు 10కే ఇస్తామంటున్నారు. మూడేళ్ళు. సంతకం పెట్టేస్తున్నా" అన్నాడు. "ఒక్కరోజు ఆగరా, ఆ కాగితం ఫోటో తీసి పంపు" అన్నాను.

కాగితం మీద 10 శాతం పక్కన చిన్న అక్షరాలతో 'ఫ్లాట్' అని ఉంది. లెక్కంతా ఆ ఒక్క మాటలోనే ఉంది.

ఫ్లాట్ అంటే మొదట తీసుకున్న మొత్తం మీదే చివరిదాకా వడ్డీ వేస్తారు. 90 వేలకు 10 శాతం అంటే ఏడాదికి 9 వేలు, మూడేళ్ళకు 27 వేలు. అసలూ వడ్డీ కలిపి 1,17,000. దాన్ని 36తో భాగిస్తే నెలకు 3,250 కిస్తీ. అందులో 2,500 అసలు, 750 వడ్డీ. మొదటి నెల 90 వేలు మన దగ్గరే ఉన్నాయి కాబట్టి 750 వడ్డీ ఎక్కువేమీ కాదు. మరి 36వ నెల సంగతి? అప్పటికి మనం బాకీ ఉన్నది 2,500 మాత్రమే. దానికీ అదే 750. ఆ ఒక్క నెలకు చూస్తే నూటికి 30 రూపాయల వడ్డీ! ఊళ్ళో ఎవరైనా ఆ రేటు అడిగితే రచ్చబండ దగ్గర పంచాయతీ పెడతాం.

బ్యాంకు చెప్పిన 14 శాతం వేరే పద్ధతి. అసలు తగ్గేకొద్దీ, మిగిలిన బాకీ మీదే వడ్డీ. మొదటి నెల వడ్డీ 1,050 పడుతుంది. షోరూం వాళ్ళ 750 కంటే ఎక్కువే కదా అని అక్కడే చాలామంది వెనక్కి వచ్చేస్తారు. కానీ నెలనెలా అది కరుగుతూ చివరి కిస్తీలో దాదాపు 35 రూపాయలకు దిగుతుంది. కిస్తీ 3,076. మూడేళ్ళ వడ్డీ మొత్తం దాదాపు 20,700. అంటే 14 శాతం లోను, 10 శాతం లోను కంటే ఆరు వేల పైచిలుకు చౌక. తమ్ముడికి ఈ లెక్క రెండుసార్లు చెప్పాల్సి వచ్చింది. వాడి తప్పేం లేదు, కిలోలను శేర్లతో పోల్చమంటే ఎవరికైనా తికమకే.

అందుకే నేను అన్ని అప్పులనూ మన ఊరి కొలతలోకి మారుస్తాను. నూటికి నెలకు ఎన్ని రూపాయలు? దాన్ని 12తో గుణిస్తే ఏడాది శాతం. రూపాయి వడ్డీ అంటే 12 శాతం, రెండు రూపాయలంటే 24. ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలకు ఇచ్చిన పావలా వడ్డీ అంటే 3 శాతం. ఇది లెక్కలు రాని మా నాయనమ్మకు కూడా నోటికి వచ్చేది. ఈ కొలతతో చూస్తే షోరూం వాళ్ళ '10 శాతం' నిజానికి దాదాపు 18, అంటే రూపాయిన్నర వడ్డీ. బ్యాంకుది రూపాయి పదిహేడు పైసలు.

మరి ఊళ్ళో రెండు రూపాయలకు తెచ్చుకుంటే? 90 వేలకు నెలకు 1,800 వడ్డీ. మూడేళ్ళకు 64,800 కట్టినా అసలు అలాగే ఉంటుంది. కట్టకపోతే ఇంకా ఘోరం. ఏడాది చివర వడ్డీని అసలులో కలిపి నోటు తిరగరాస్తారు. అదే చక్రవడ్డీ. మొదటి ఏడాదికి 1,11,600, మూడో ఏడాదికి 1,71,000 దాటుతుంది. ప్రోనోటు మీద ఇలా రెండుసార్లు సంతకం పెట్టి పొలం అమ్ముకున్నవాళ్ళను చూశాను. ఆ బాధ నాకు ఇప్పటికీ తగ్గలేదు.

అయినా ఊరి అప్పు ఎప్పుడూ చెడ్డదని అనను. ఆసుపత్రికి అర్జెంటుగా 50 వేలు కావాలి, పంట డబ్బు రెండు నెలల్లో వస్తుంది అనుకోండి. రెండు రూపాయల లెక్కన 2 వేలతో తీరిపోతుంది, ఫీజులుండవు, ఈ రాత్రికే డబ్బు చేతికొస్తుంది. రెండు నెలలకైతే అదే నయం. ఆరు నెలలు దాటేలా ఉంటే మాత్రం వద్దు. ఇంట్లో బంగారం ఉంటే బ్యాంకులో గోల్డ్ లోను అంతకన్నా మేలు.

బ్యాంకు లోనులోనూ ఒకటి చూడాలి, ప్రాసెసింగ్ ఫీజు. రిజర్వు బ్యాంకు నిబంధన ప్రకారం 2024 అక్టోబరు 1 నుంచి ఇలాంటి లోన్లన్నిటికీ, బ్యాంకైనా ఫైనాన్స్ కంపెనీ అయినా, 'కీ ఫ్యాక్ట్ స్టేట్‌మెంట్' అనే కాగితం ఇవ్వాలి. అదీ మనకు అర్థమయ్యే భాషలో. అందులో ఏపీఆర్ అనే లైను ఉంటుంది. వడ్డీ, ఫీజులు అన్నీ కలిపిన అసలైన ఏడాది రేటు అదే. సేల్స్ అబ్బాయి నోటితో చెప్పిన శాతం పక్కన పెట్టి, రెండు చోట్లా ఈ కాగితం అడిగి ఏపీఆర్‌కు ఏపీఆర్ పోల్చండి. ఇవ్వడానికి నసిగితే అక్కడ సంతకం పెట్టొద్దు.

తమ్ముడు రెండూ తెచ్చుకున్నాడు. బ్యాంకు కాగితంలో 1,500 ఫీజు కలిపాక 15.2 తేలింది. "అన్నా, రూపాయి పావలా అన్నమాట" అన్నాడు. బైకు ఆ వారమే ఇంటికొచ్చింది.