చేపల బండికి కాపర్ నికెల్ బ్రేకు పైపు: ఆరేళ్లు వాడాక

శ్రీకాకుళం తీరంలో భావనపాడు, బారువ వైపు చేపలు ఎత్తే బండికి వెనక బ్రేకు పైపులే ముందు ఎందుకు పోతాయో కిందకి దూరి చూస్తే తెలిసిపోతుంది. ఐసు కరిగిన ఉప్పునీరు బాడీ పలకల సందుల్లోంచి కారి తిన్నగా చాసీ మీద, వెనక హౌసింగ్ (వెనక చక్రాల మధ్య ఇరుసు ఉండే గొట్టం) మీద పడుతుంది. ముందు పైపులు ఇంజన్ వేడికి ఆరిపోతాయి, వెనకవి ఎప్పుడూ తడే. మామూలు స్టీలు పైపు అలాంటి చోట మూడేళ్లు ఆగితే గొప్ప. క్లిప్పు కింద బురద పట్టి, అక్కడే పొలుసులు లేచి, ఒకరోజు బ్రేకు గట్టిగా తొక్కినప్పుడు చిల్లు పడుతుంది.

స్టీలు తీసేసి కాపర్ నికెల్ పైపు వేసి ఆరేళ్లయింది. పైన పచ్చగా చిలుము పట్టింది గానీ గోనెగుడ్డతో రుద్దితే కింద లోహం నున్నగానే ఉంది, ఎక్కడా గుంట లేదు. ఇందులో రాగి సుమారు 90 పాళ్లు, నికెల్ 10 పాళ్లు. ఇదీ అదీ ఒకటేనని ఏసీ పనుల ఉత్తి రాగి గొట్టం అంటగడితే మాత్రం తీసుకోవద్దు. అది అదురుకి పెళుసుబారి పగులుతుంది.

పాత పైపుని వెర్నియర్‌తో కొలిచి కొనాలి. లైట్ బళ్లకి ఎక్కువగా బయటి వ్యాసం 4.75 మిల్లీమీటర్లు, అంటే 3/16 అంగుళం. 25 అడుగుల చుట్ట ఒకటి కొంటే చాసీ పొడవునా ఒకే ముక్క లాగి, హౌసింగ్ మీది రెండు ముక్కలకీ సరిపెట్టవచ్చు. పాత పైపు నమూనాకి దక్కదు, విప్పుతుంటేనే విరుగుతుంది. అందుకే విప్పకముందే దాని వంపుల వెంట బైండింగ్ వైరు వంచి ఉంచుకోవాలి.

అసలు పనంతా మూతి కొట్టడంలోనే, అంటే పైపు చివరని సీటుకి సరిపడేలా ఒత్తి మలచడంలోనే ఉంది. పాత మూతి గరాటులా లోపలికి మడిచి ఉంటే డబుల్ ఫ్లేరు, పుట్టగొడుగు తలలా ఉబ్బి ఉంటే బబుల్ ఫ్లేరు. ఒకదాని సీటులో ఇంకోటి కూర్చోదు, ఎంత బిగించినా చెమరుస్తూనే ఉంటుంది. పైపుని చక్రం కట్టరుతోనే కొయ్యాలి. హాక్సా రజను లోపలికి పోతే వీల్ సిలిండర్ (చక్రం దగ్గర బ్రేకుని తోసేది) లోపలి రబ్బరు కప్పుని గీసేస్తుంది. లోపలి అంచు గీకి, గాలి ఊది, నట్టు ఎక్కించి, అప్పుడు మూతి కొట్టాలి. నట్టు మర్చిపోవడం తలపండిన మెకానిక్కులకీ తప్పదు, ఆ మూతి కోసి పారెయ్యడమే. డబుల్ ఫ్లేరుకి పైపు దాన్ని బిగించి పట్టే బార్‌లోంచి మూతిని ఒత్తే డై మెట్టు ఎత్తంత బయటికి రావాలి. తగ్గితే అంచు పల్చబడుతుంది, ఎక్కువైతే మడత ఓ పక్కకి పోతుంది. డై మీద ఒక చుక్క బ్రేకాయిలు వేస్తే మూతి గరుకు లేకుండా వస్తుంది. చవక రకం బార్ టూల్‌లో పైపు జారిపోతుంది, పట్టిన చోట గాట్లు పడతాయి. డబ్బు పెట్టాల్సింది ఆ పనిముట్టు మీదే.

వంచడానికి స్టీలుతో పడే పాట్లు దీనితో లేవు. పెద్ద సాకెట్టు చుట్టూ చేత్తో వంచితే చాలు. కానీ ఆ మెత్తదనమే దీని లోపం కూడా. అడుగుకో క్లిప్పు లేకపోతే అదురుకి ఊగి, కమాన్ కట్టల యూ బోల్టు దగ్గర రాసుకుని అరిగిపోతుంది. సైకిల్ ట్యూబు చుట్టే అలవాటు మన షెడ్లలో ఉంది. దాని కింద ఇసుక చేరి ఆకురాయిలా పనిచేస్తుంది, కాబట్టి రబ్బరు వేసిన క్లిప్పులే వాడాలి. ఆరేళ్లలో పైపు మార్చలేదు గానీ క్లిప్పులు తుప్పుపట్టి రెండుసార్లు మార్చాల్సి వచ్చింది. నట్లూ స్టీలువే, పైపు దూరే వెనకవైపు ఉప్పునీరు నిలుస్తుంది. అక్కడ గ్రీజు మెత్తాలి.

విప్పే ముందురోజు రాత్రే నట్లకి తుప్పు వదిలించే ఆయిలు కొట్టి ఉంచాలి. నట్టు రాకపోతే పైపు కోసేసి సాకెట్టు వెయ్యాలి. బ్రేకు లైన్లోని గాలి తీసే నిపుల్ విరగడం మామూలే, అందుకే రెండు వీల్ సిలిండర్లు, వెనక హోసు ముందే తెచ్చిపెట్టుకోవాలి. బ్రేకాయిలు ట్యాంకు మూత మీద ఉన్న రకమే పొయ్యాలి, డాట్ 3 గానీ డాట్ 4 గానీ. కొత్త సీలు డబ్బా ఒక లీటరు చాలు. ఎప్పుడో విప్పిన సీసా వద్దు, మన సముద్రపు గాలిలో అది తేమ పీల్చేసి ఉంటుంది. పెడలు తొక్కితే ఆయిలుని తోసే మాస్టర్ సిలిండర్‌కి దూరంగా ఉన్న చక్రంతో, సాధారణంగా వెనక ఎడమదానితో, గాలి తియ్యడం మొదలెట్టాలి. లోడుని బట్టి వెనక బ్రేకు ఒత్తిడి మార్చే వాల్వు ఉన్న బండైతే హౌసింగ్ వేలాడకూడదు, చక్రాలు నేల మీదే ఉండాలి.

చిల్లుకి గ్యాసు అతుకు వేయించడం, వెనక లైను బోల్టుతో మూసేసి ముందు బ్రేకులతో నడపడం ఇప్పటికీ కనిపిస్తున్నాయి. లోడు బండికి ఈ రెండూ చెయ్యకూడని పనులు. ఫుల్ ఎయిర్ బ్రేకు లారీలకి ఈ పైపుతో పని లేదు.

అంతా అయ్యాక ఒకరు పెడలు నిమిషం పాటు గట్టిగా తొక్కి పట్టాలి, ఇంకొకరు కింద ప్రతి జాయింటుకీ పొడి కాగితం ఆనించి చూడాలి. చెమ్మ తగిలితే వెంటనే బలంగా బిగించొద్దు. వదులు చేసి మళ్లీ బిగించడం రెండు మూడు సార్లు చేస్తే మూతి సీటులో కుదురుకుంటుంది. అప్పటికీ తడి వస్తే మూతి కోసి కొత్తగా కొట్టాల్సిందే.