రెడూటే పేరున్న ప్రింటా, పేరు తెలియని అసలు బొమ్మా: ఏది మేలు?

పాత ఫ్రెంచి పూల బొమ్మల మీద మనసు పడి, ఒకటి కొనుక్కోవాలనుకునేవాళ్లకి చివరికి రెండు దారులు మిగులుతాయి. ఒకటి, పూల బొమ్మలకి పేరుపడ్డ చిత్రకారుడు పియేర్ జోసెఫ్ రెడూటే పేరున్న గులాబీ ప్రింట్. రెండోది, 17వ లేదా 18వ శతాబ్దంలో ఎవరో వేసిన, సంతకం లేని నీటిరంగుల బొమ్మ.

పెద్ద పేర్ల అసలు బొమ్మల సంగతి ముందే చెప్పేస్తాను. పద్నాలుగో లూయీ కొలువులో నికొలా రాబేర్ దూడ చర్మపు పత్రాల మీద, అంటే వెల్లం మీద, వేసిన మొక్కలూ పక్షులూ పారిస్‌లోని జాతీయ ప్రకృతి చరిత్ర మ్యూజియంలో ఉన్నాయి. అవి అమ్మకానికి రావు. లిల్లీ జాతి మొక్కల గ్రంథం కోసం రెడూటే వేసిన నాలుగు వందలకు పైగా అసలు బొమ్మలు 1985లో న్యూయార్క్ సదబీస్ వేలంలో 50 లక్షల డాలర్లకు పోయాయి. మనలాంటివాళ్లు పోటీపడే చోటు కాదది.

రెడూటే ప్రింట్‌ని చిన్నచూపు చూడకూడదు. ఆయన గులాబీల గ్రంథం 1817 నుంచి 1824 దాకా విడతలవారీగా వచ్చింది. రాగి పలక మీద గీతలకు బదులు సన్నని చుక్కలు చెక్కి, ఒకే పలకకి వేర్వేరు రంగులు అద్ది, ఒక్కసారే అచ్చు తీసేవారు. ఆ తర్వాత కుంచెతో సరిదిద్దేవారు. అందుకే ఆ రేకుల మీద గీతల మొరటుతనం కనిపించదు. కొనేవాడికి ఇంకో ధైర్యం కూడా ఉంది. ఏ ప్లేటు (గ్రంథంలోని బొమ్మ పుట) ఎలా ఉండాలో అందరికీ తెలుసు, వేరే ప్రతులతో పోల్చి చూసుకోవచ్చు, మళ్లీ అమ్మాలన్నా కొనేవాళ్లు దొరుకుతారు. ఆధునిక నకళ్లు చాలా ఉన్నాయి కానీ భూతద్దం పెడితే తెలిసిపోతాయి. పాత ప్రింట్‌లో చుక్కలు ఎగుడుదిగుడుగా ఉంటాయి, గులాబీ రంగు చోట గులాబీ సిరా చుక్కే కనిపిస్తుంది. ఆఫ్‌సెట్ నకలులో, అంటే ఇప్పటి యంత్రాల మీద అచ్చేసిన దానిలో, నాలుగు రంగుల చుక్కలు వరస తప్పకుండా ఉంటాయి.

అయితే ఆ కాగితం మీద పనిచేసింది రెడూటే చెయ్యి కాదు. చెక్కినవాళ్లూ రంగులద్దినవాళ్లూ వేరు. పైగా విడిగా అమ్మే ప్లేట్లు చాలావరకు పాత పుస్తకాల కుట్లు విప్పి తీసినవి. మంచి ప్రతిని అలా చీల్చి అమ్మడం నాకు బొత్తిగా నచ్చదు.

ఇక పేరులేని అసలు బొమ్మ. ఇక్కడ చిత్రకారుడు జాక్ ల మోయిన్ ద మోర్గ్ కథ చెప్పాలి. 1533 ప్రాంతంలో పుట్టిన, ఫ్రాన్స్ రేవు పట్టణం దియెప్ మనిషి. 1564లో ఫ్రెంచి దండుతో ఫ్లోరిడా వెళ్లి, మరుసటి ఏడు స్పెయిన్ సైన్యం కోట మీద పడితే ప్రాణాలతో బయటపడి, ఆఖరికి లండన్‌లో స్థిరపడ్డాడు. ఆయన వేసిన మొక్కల బొమ్మల ఆల్బమ్ ఒకటి ఇప్పటి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియం చేతికి 1856లో వచ్చింది. కొన్నది బొమ్మల కోసం కాదు, అందమైన పాత బైండింగ్ కోసం! అవి ల మోయిన్ పని అని 1922లో గానీ తేలలేదు. ఆ అరవై ఆరేళ్లూ ఆ పూలు పేరు లేకుండానే అక్కడ ఉన్నాయి. పేరు తెలిశాక వాటిలో ఒక్క గీత కూడా మారలేదు.

అసలు బొమ్మలో కలెక్టర్లను పట్టి ఆపేది చేతి జాడ. రంగు కింద లేతగా కనిపించే పెన్సిల్ గీత, ఆకు ఈనె దగ్గర కుంచె ఒత్తిడి, పురుగు కొట్టిన ఆకుని దాచకుండా వేసిన తీరు. వెల్లం మీద ఇది ఇంకా బాగా తెలుస్తుంది. చర్మం కాగితంలా నీళ్లు పీల్చదు, రంగు పైనే నిలుస్తుంది. కాబట్టి తక్కువ నీళ్లతో, వెంట్రుకంత సన్నటి గీతలతో ఓపిగ్గా పని చేయాలి. కొన్ని పాత బొమ్మల్లో ఆకులు నీలంగా ఉంటే కంగారు పడొద్దు. నీలంలో కలిపిన పసుపు వెలుతురుకి వెలిసిపోయిందన్న మాట.

అసలు ప్రమాదం పేరు తగిలించడంలో ఉంది. న్యూయార్క్ పబ్లిక్ లైబ్రరీలో ఫ్లోరిడా దృశ్యం ఒకటి ఉంది. ల మోయిన్ అమెరికా బొమ్మల్లో మిగిలిన ఒకే ఒక్క అసలు అదేనని చాలాకాలం నమ్మారు. అది అచ్చు బొమ్మ చూసి తర్వాత వేసిన నకలు కావచ్చని ఇప్పుడు పండితులు అనుమానిస్తున్నారు. యేల్ విశ్వవిద్యాలయంలో వెల్లం మీద ఉన్న పిక్ట్ (స్కాట్లాండ్‌లోని ప్రాచీన తెగ) యువతి బొమ్మ విషయం దీనికి తిరగబడింది. దాన్ని చాన్నాళ్లు ఆంగ్లేయ చిత్రకారుడు జాన్ వైట్ ఖాతాలో వేశారు, ఇప్పుడది ల మోయిన్‌ది అంటున్నారు. పెద్ద గ్రంథాలయాలూ మ్యూజియాలే ఇలా తడబడితే, అమ్మేవాడు 'బహుశా రాబేర్ శిష్యుడు' అన్నందుకు అదనంగా డబ్బు కట్టడం ఎందుకు?

నా తీర్పు ఇది. మొదటిసారి కొంటున్నవాళ్లకి, రేపు అమ్ముకోవాల్సి రావచ్చనుకునేవాళ్లకి రెడూటే ప్రింటే మేలు. టెన్షన్ తక్కువ. రోజూ చూసుకోవడానికి కొనేవాళ్లకి మాత్రం సంతకం లేని అసలు బొమ్మే మేలంటాను, మారుమాట లేదు. అది ప్రపంచంలో ఒక్కటే ఉంటుంది, దాని ముందు కూర్చుని ఒక మనిషి పూవుని చూసి వేశాడు.

మన కోస్తా ఊళ్లలో అయితే వెల్లం కన్నా కాగితం మీది బొమ్మని ఎంచుకోండి. ఉక్కపోతకి చర్మం ఉబ్బి వంకర్లు పోతుంది, దాంతో పాటు రంగు పెచ్చులూడుతుంది. ఏ బొమ్మనైనా ఎండ పడే గోడకి తగిలించకండి, వెలుతురు 50 లక్స్ (వెలుతురుని కొలిచే ప్రమాణం) దాటకపోతే మంచిది. కొనేముందు ఫ్రేమ్ విప్పించి వెనకవైపు కూడా చూడండి. పాత వేలం చీటీ, కాగితంలోని నీటిగుర్తు (వాటర్‌మార్క్), పాత అంచు కింద వెలవకుండా మిగిలిన రంగు, ఇవన్నీ దొరికేది అక్కడే. విప్పనివ్వను అన్నవాడి దగ్గర కొనకండి.