వృద్ధాశ్రమం బాధ్యత ఎవరికి అప్పగిస్తే మేలు?

పెద్దవాళ్లను చూసుకునే ఆశ్రమానికి అధిపతిని వెతికేటప్పుడు చివరికి ఇద్దరు మిగులుతారు. ఒకరు ఏళ్ల తరబడి రోగుల మంచాల పక్కన డ్యూటీ చేసి, ఇన్‌ఛార్జిగా ఎదిగిన నర్సు. ఇంకొకరు మేనేజ్‌మెంట్ చదివి, ఆస్పత్రో హోటలో నడిపి వచ్చిన అడ్మినిస్ట్రేటర్.

అడ్మినిస్ట్రేటర్‌ను తేలిగ్గా తీసెయ్యలేం. జీతాలు ఒకటో తారీఖున పడాలి, లైసెన్సు గడువు దాటకూడదు, మంటలు ఆర్పే పరికరాలు పనిచెయ్యాలి. ఇవి సరిగా లేని చోట ఎంత ప్రేమ ఉన్నా పెద్దవాళ్లకు క్షేమం లేదు. నర్సుగా ఎదిగినవాళ్లు చాలామంది తడబడేది ఇక్కడే. ఒక ఆయా రాకపోతే ఆ షిఫ్టు తామే చేసేస్తారు, నిన్నటిదాకా కలిసి తిన్నవాళ్లను మందలించడానికి మొహమాటపడతారు. ఏడాది తిరిగేసరికి వాళ్లే అలసిపోతారు.

అయినా నా ఓటు నర్సుకే. ఒక్క నీళ్ల గ్లాసు చూడండి. పక్షవాతంతో ఎడమ చెయ్యి పడిపోయిన పెద్దాయన మంచానికి ఎడమ పక్కనే ఎవరో గ్లాసు పెట్టి వెళ్లారు. రౌండ్లకు వచ్చిన అడ్మినిస్ట్రేటర్ గది శుభ్రంగా ఉందని టిక్కు పెట్టుకుని వెళ్తాడు. నర్సు మాత్రం మాట్లాడుతూనే గ్లాసు కుడివైపుకు జరుపుతుంది, ఆయన పెదవులు ఎండిపోయాయా అని చూస్తుంది. ఒంట్లో నీరు తగ్గితే వృద్ధులకు మూత్రంలో ఇన్‌ఫెక్షన్ రావచ్చు, మతి తప్పినట్టు మాట్లాడవచ్చు, కళ్లు తిరిగి పడిపోవచ్చు. గ్లాసు చేతికందకపోవడం అంత పెద్ద విషయం.

నన్ను ఎక్కువగా కలవరపెట్టేది సిబ్బందిలో ఉండే భయం. పెద్దవాళ్లు ఎవరైనా పడిపోయిన సంగతి చెబితే తమ ఉద్యోగం పోతుందనుకునే చోట ఆ సంగతి రిజిస్టరుకెక్కదు. నెలాఖరు నివేదికలో పడిపోయినవాళ్లు సున్నా అని ఉంటుంది, పెద్దావిడ నడుము మీద మాత్రం కమిలిన మచ్చ ఉంటుంది. అంకెలు చూసి నమ్మేవాళ్లు ఇక్కడ మోసపోతారు. స్నానం చేయించేటప్పుడు ఒళ్లు చూసిన అనుభవం ఉన్నవాళ్లు మోసపోరు.

అసలు బాసే వద్దనే మూడో దారి కూడా ఉంది. నెదర్లాండ్స్‌లో యోస్ ద బ్లాక్ అనే నర్సు 2006లో మొదలుపెట్టిన బ్యూర్ట్‌జోర్గ్ అనే నర్సింగ్ సేవల సంస్థ అలాగే నడుస్తుంది. గరిష్ఠంగా 12 మంది ఉండే బృందాలు తమ రోస్టర్ తామే వేసుకుంటాయి, పైన మేనేజర్ ఉండడు, చిక్కు వస్తే సలహాకు కోచ్ ఉంటారు. నాకు చాలా నచ్చిన పద్ధతి. కానీ అది ఇళ్లకు వెళ్లి చేసే సేవ, చేసేవాళ్లలో ఎక్కువమంది శిక్షణ పొందిన నర్సులు. మతిమరుపు జబ్బు ఉన్నవాళ్లు ఇరవై నాలుగు గంటలూ ఉండే ఆశ్రమంలో అర్ధరాత్రి ఒకరు కనబడకపోతే, ఫలానావారు జవాబు చెప్పాలని ముందే తేలి ఉండాలి.

అందుకని నర్సును పెట్టండి, ఆమెకు లెక్కలు, చట్టాలు తెలిసిన మనిషిని తోడివ్వండి. ఆ మనిషి ఆమె కింద పనిచెయ్యాలి, ఆమె మీద కాదు. రాత్రి డ్యూటీకి ఇంకో మనిషిని వెయ్యాలా వద్దా అన్న ప్రశ్న వచ్చినప్పుడు ఖర్చు ఎంతో అతను చెప్పాలి, నిర్ణయం ఆమె తీసుకోవాలి.