ఆరు వందల ట్యాగ్‌లు, ఒక్క టిక్కు

క్యాలిబర్ అంటే కంప్యూటర్‌లో ఈ-బుక్స్ సర్దిపెట్టుకునే ప్రోగ్రామ్. దాన్ని ఎలా ఇన్‌స్టాల్ చేసుకోవాలో ఇక్కడ రాయడం లేదు. ఈ-బుక్స్ పోగేసే జబ్బు ఉన్నవాళ్లకు అది ఎలాగూ తెలిసే ఉంటుంది. మూడేళ్లుగా వాడుతున్నాను, ఇప్పుడు 2,300 పుస్తకాల దాకా అయ్యాయి, ముప్పాతిక వంతు తెలుగువే. అందులో నాకు నచ్చింది ఒకటే ఒకటి, మేనేజ్ ట్యాగ్స్ అనే విండో. దాని గురించే ఇదంతా.

ట్యాగ్ అంటే పుస్తకం ఏ రకమో చెప్పే చీటీ లాంటిది. పోయినేడు నా లైబ్రరీలో ట్యాగ్‌లు 614. అన్నీ నేను పెట్టినవి కావు. ప్రతి ఈపబ్ (ఈ-బుక్) ఫైలూ తన లోపల రాసుకున్న ట్యాగ్‌లను వెంటేసుకొస్తుంది. అది చాలదన్నట్టు మెటాడేటా (పుస్తకం వివరాలు) డౌన్‌లోడ్ నొక్కినప్పుడల్లా ఆన్‌లైన్ నుంచి ఇంకో అరడజను వచ్చి పడేవి. నవల, నవలలు, తెలుగు నవల, తెలుగు నవలలు, ఇంగ్లిష్ అక్షరాల్లో నావెల్, ఫిక్షన్, జనరల్ ఫిక్షన్. 'జీవిత చరిత్ర' విడగొట్టి ఒకటి, 'జీవితచరిత్ర' కలిపి ఒకటి. వ్యాసాలు, వ్యాసములు. ఒక వంటల పుస్తకానికి ఫిక్షన్ అని తగిలించి ఉంది. మా ఆవిడ చూసి, "నిజమేగా, అందులో రాసినట్టు ఎప్పుడైనా కుదిరిందా?" అంది.

మేనేజ్ ట్యాగ్స్‌లో ట్యాగ్‌లన్నీ వరసగా కనిపిస్తాయి, ఒక్కోదాని పక్కన అది ఎన్ని పుస్తకాలకు ఉందో అంకె ఉంటుంది. ఆ అంకెను బట్టి వరస మార్చుకుంటే, ఒకే ఒక్క పుస్తకానికి తగిలి వేలాడుతున్న ట్యాగ్‌లన్నీ ఒకచోటికి వస్తాయి. నావి 300 పైనే తేలాయి. వాటిలో పనికిరానివి అక్కడికక్కడే తీసేశాను. అసలు సుఖం మాత్రం పేరు మార్చడంలో ఉంది. 'నవలలు'ని 'నవల' అని మారిస్తే, ఆ పేరుతో ముందే ఒక ట్యాగ్ ఉంది కాబట్టి రెండూ కలిసిపోతాయి. ఒక్కో పుస్తకం తెరవక్కర్లేదు. మూడు ఆదివారాలు కూర్చుని 614ని 58కి దించాను. బియ్యంలో రాళ్లు ఏరుతున్నట్టు, మొదలుపెడితే లేవబుద్ధి కాలేదు. ఈ ఆనందంలో మా ఆఫీసులో కనీసం నలుగురికి దీని గురించి ఉపన్యాసం ఇచ్చాను.

ఆ ఉపన్యాసంలో లేనివి కొన్ని ఉన్నాయి, ఇక్కడ చెప్పాలి.

ఇంట్లో వైఫై మీద క్యాలిబర్ కంటెంట్ సర్వర్ నడుపుతాను. అమ్మ ట్యాబ్లెట్‌లో బ్రౌజర్ తెరిచి, ట్యాగ్‌ల మీద నొక్కి తనకు కావలసింది వెతుక్కుంటుంది. నేను సర్దుడు ముగించి కాలర్ ఎగరేసుకుంటున్న వారంలోనే, "ఒరేయ్, డిటెక్టివ్ కథలు రెండుసార్లు ఉన్నాయేంట్రా?" అని అడిగింది. చూస్తే నిజమే. ఒకదాంట్లో 37 పుస్తకాలు, ఇంకోదాంట్లో 4. అక్షరం అక్షరం పోల్చి చూశాను, ఒత్తులు, పొల్లులు అన్నీ ఒకటే. ఖాళీ ఏమైనా ఎక్కువ పడిందేమోనని అది కూడా చూశాను. లేదు.

ఒక పూటంతా బుర్ర బద్దలు కొట్టుకుంటే తేలింది ఇది. 'డిటెక్టివ్' చివర పొల్లు ఉంది కదా, ఒకదాంట్లో ఆ పొల్లు తర్వాత కంటికి కనిపించని అక్షరం ఒకటి కూర్చుని ఉంది. జీరో విడ్త్ నాన్ జాయినర్ అంటారు. 'సాఫ్ట్‌వేర్' లాంటి మాట రాసేటప్పుడు ట కింద వ వత్తు పడకుండా ఆపేది అదే, అక్కడ దాని అవసరం ఉంది. కానీ కొన్ని టైపింగ్ టూల్స్ మాట చివర పొల్లు వచ్చినా సరే, అవసరం ఉందో లేదో చూడకుండా దాన్ని పెట్టేస్తాయి. తర్వాత ఖాళీయే వస్తుంది కాబట్టి చూపుకు ఏ తేడా ఉండదు. కంప్యూటర్‌కు మాత్రం అవి రెండు వేర్వేరు ట్యాగ్‌లు. వెతికితే నా లైబ్రరీలో ఇలాంటి జంటలు తొమ్మిది దొరికాయి. హాస్యానికీ నవలకీ ఈ గొడవ లేదు. థ్రిల్లర్, సైన్స్ ఫిక్షన్, క్లాసిక్ లాంటి పొల్లుతో ఆగే ఇంగ్లిష్ మాటలన్నిటికీ ఉంది.

ఇక్కడ మేనేజ్ ట్యాగ్స్ పెద్దగా ఉపయోగపడలేదు, ఏది ఏదో కంటికి తెలిస్తే కదా పేరు మార్చడానికి. చాలా పుస్తకాల వివరాలను ఒకేసారి మార్చే బల్క్ మెటాడేటా ఎడిట్‌లో సెర్చ్ అండ్ రీప్లేస్ అని ఒక ట్యాబ్ ఉంది. అందులో రెగ్యులర్ ఎక్స్‌ప్రెషన్ (వెతికేదాన్ని కోడ్‌గా రాసే పద్ధతి) పెట్టుకుని, ఆ అక్షరం కోడ్ బ్యాక్‌స్లాష్ యు 200సి అని ఇచ్చి, రీప్లేస్ దగ్గర ఖాళీగా వదిలేస్తే అన్నీ ఒక్క దెబ్బకు పోయాయి. అవసరమైన చోట కూడా పోయాయి, వాటిని చేత్తో దిద్దుకున్నాను. తెలుగు లైబ్రరీ ఉన్నవాళ్లు ముందు ఈ పని చేసి, తర్వాతే మిగతా సర్దుడు మొదలుపెడితే మంచిది. నేను తిరగేసి చేశాను.

చుక్కల సంగతి చిన్నది. ట్యాగ్‌ల జాబితా చూపే ట్యాగ్ బ్రౌజర్‌లో ట్యాగ్‌లను చెట్టులా చూపించమని సెట్టింగ్ పెట్టుకోవచ్చు. అప్పుడు 'నవల.చారిత్రక' అని రాస్తే నవల కింద చారిత్రక వస్తుంది. బాగుందని పెట్టాను. మర్నాడు చూస్తే 'టి.వి.నాటకాలు' కాస్తా టి కింద వి, వి కింద నాటకాలు అయి కూర్చుంది. చుక్కలు తీసేసి టీవీ అని రాశాను, అంతే.

ఇక అసలు దెబ్బ. ఇది పూర్తిగా నా తప్పే. జనరల్ అనే ట్యాగ్ ఒకటి మిగిలిపోయింది, దాన్ని తీసేద్దామనుకున్నాను. మేనేజ్ ట్యాగ్స్‌లో డిలీట్ నొక్కితే సరిపోయేది. కానీ అప్పటికే బల్క్ ఎడిట్ చేతికి అలవాటైంది. కంట్రోల్ ఏ కొట్టి, బల్క్ ఎడిట్ తెరిచాను. రిమూవ్ ట్యాగ్స్ పక్కన రిమూవ్ ఆల్ అని ఒక టిక్ బాక్స్ ఉంది. 'అన్ని పుస్తకాల నుంచి తీసేయ్' అని కాబోలు అనుకుని టిక్కు పెట్టేశాను. దాని అర్థం 'అన్ని ట్యాగ్‌లూ తీసేయ్' అని. మూడు ఆదివారాల పని క్షణాల్లో పోయింది. కంట్రోల్ జెడ్ కొట్టాను, ఏమీ రాలేదు. కాసేపు అలాగే స్క్రీన్ చూస్తూ ఉండిపోయాను.

క్యాలిబర్ ప్రతి పుస్తకం ఫోల్డర్‌లో మెటాడేటా.ఓపీఎఫ్ అని చిన్న ఫైలు ఒకటి పెడుతుందని అప్పుడు గుర్తొచ్చింది. ట్యాగ్‌లు అసలు ఉండేది మెటాడేటా.డీబీ అనే డేటాబేస్‌లో. మార్పులను ఈ ఓపీఎఫ్‌ల్లోకి వెనకాల తాపీగా, ఒక్కో పుస్తకానిదీ రాస్తూ పోతుంది. ఆ తాపీతనమే నన్ను కాపాడింది. వెంటనే ప్రోగ్రామ్ మూసేశాను. నోట్‌ప్యాడ్‌లో కొన్ని ఓపీఎఫ్‌లు తెరిచి చూస్తే, కొన్నిటిలో అప్పుడే ట్యాగ్‌లు పోయాయి, చాలావాటిలో పాత ట్యాగ్‌లు పదిలంగా ఉన్నాయి. మళ్లీ తెరిస్తే మిగిలినవి కూడా తుడిచేస్తుందని భయమేసి, ముందు మొత్తం ఫోల్డర్‌ను వేరే డిస్క్‌లోకి కాపీ చేశాను. తర్వాత కమాండ్ లైన్‌లో, ఓపీఎఫ్‌ల నుంచి డేటాబేస్‌ను మళ్లీ కట్టే రీస్టోర్ డేటాబేస్ ఆదేశం ఇచ్చాను. దాని చివర 'రియల్లీ డూ ఇట్' అని కూడా కొట్టాలి, లేకపోతే కదలదు. ఆ టిక్ బాక్స్ దగ్గర కూడా ఇలాంటిది ఒకటి ఉండి ఉంటే అనుకున్నాను. సేవ్ చేసుకున్న సెర్చ్‌లు, యూజర్ కేటగిరీలు పోతాయని హెచ్చరిక ఉంది. నాకున్నవి రెండే, పోతే పోయాయి అనుకుని ఎంటర్ కొట్టాను. 150 పుస్తకాలు తప్ప అన్నిటి ట్యాగ్‌లూ తిరిగొచ్చాయి.

అప్పటినుంచి ట్యాగ్‌ల జోలికి వెళ్లే ముందు మెటాడేటా.డీబీని కాపీ చేసి పక్కన పెట్టుకుంటున్నాను. మెటాడేటా డౌన్‌లోడ్ సెట్టింగ్స్‌లో ట్యాగ్స్ దగ్గర టిక్కు తీసేశాను కూడా. ఇది మొదటి రోజే చేసి ఉంటే 614 దాకా పోయేదే కాదు. కొత్త పుస్తకాలు కలిపేటప్పుడు ట్యాగ్‌లను మార్చే రూల్స్ కూడా రాసుకోవచ్చు. నేను ఆరే రాశాను, అంతకంటే ఓపిక లేదు.

మరి ఇంత కష్టం అవసరమా అంటే, నా మటుకు నాకు అవసరమే. అమ్మ రోజూ వాడుతుంది కాబట్టి. వందా రెండొందల పుస్తకాలే ఉంటే పేరుతో వెతుక్కుంటే చాలు. నా ఈ-రీడర్‌లో అయితే ఈ ట్యాగ్‌లు కనిపించనే కనిపించవు, ఒక్కడినే ఉండి దాంట్లోనే చదివేవాడినైతే ఈ విండో జోలికి వచ్చేవాడినే కాదేమో.

ట్యాగ్‌లు పోయిన ఆ 150లో చాలావాటిని నేను చదవలేదు. అమ్మను పక్కన కూర్చోబెట్టుకుని ఒక్కో పేరూ చదువుతూ అడిగాను. సాంఘికమా, చారిత్రకమా అంటే తను అలా చెప్పడం లేదు. "ఇందులో ఏడుపు లేదురా", "ఇది వద్దు, మొదటి పేజీ నుంచీ ఏడుపే" అంటోంది. చివరికి 'ఏడుపు లేనివి' అని ఒక ట్యాగ్ పెట్టాను. ప్రస్తుతానికి అందులో 23 ఉన్నాయి. ట్యాబ్లెట్‌లో తను ముందు తెరిచేది దాన్నే.