గ్రేడియంట్ ప్యాటర్న్ ఫైళ్ళు కొనేవారు నా అరవై మీటర్ల బట్ట సంగతి విని కొనండి

ప్రొద్దుటూరు నుంచి ఇప్పుడే కడపకు తిరిగి వచ్చాను. అరవై మీటర్ల బట్టా నాతోనే తిరిగి వచ్చింది. చేతులు ఇంకా వణుకుతున్నాయి. అయినా ఈ రాత్రే రాస్తున్నాను, తెల్లారేలోపు అదే ప్యాక్ ఇంకెవరైనా కొంటారేమోనని భయం.

అమ్మిన వ్యక్తి ఎవరో డిజైన్ గ్రూపుల్లో ఉన్నవారికి చెప్పనక్కరలేదు. నూట ఇరవై సీమ్‌లెస్ ప్యాటర్న్‌లు, అన్నీ వెక్టర్, అన్నీ గ్రేడియంట్ పూలు, 2,400 రూపాయలు అంటూ నెల రోజులుగా వీడియోలు పెడుతున్నాడు. సీమ్‌లెస్ అంటే పక్కపక్కన పరిస్తే అతుకు కనిపించనివి, వెక్టర్ అంటే పిక్సెళ్ళతో కాక గీతలతో గీసినవి, గ్రేడియంట్ అంటే ఒక రంగు మెల్లగా మరో రంగులోకి మారడం. లంగా ఓణీల బట్టకు డిజైన్ కావాలని ప్రొద్దుటూరు దుకాణం వారు అడిగారు. గడువు నాలుగు రోజులే. కొన్నాను.

నేను ఎంచుకున్నది గంధం రంగు నేల మీద గులాబీ పూలు. టైల్, అంటే మళ్ళీ మళ్ళీ పరిచే ఒక్క ముక్క, పదకొండు అంగుళాలు. 44 అంగుళాల పన్నాకు అడ్డంగా సరిగ్గా నాలుగు పడతాయి. పరిచి చూస్తే టైల్‌కూ టైల్‌కూ మధ్య సన్నని గీత కనిపించింది. వెక్టర్ సాఫ్ట్‌వేర్లలో తెర మీద మాత్రమే కనిపించి, ప్రింట్‌లో రాని గీతలు ఉంటాయని ఈ పనిలో ఉన్నవారందరికీ తెలుసు. అయినా మనసు ఒప్పక, తెర ఫొటో తీసి అతనికే పంపి అడిగాను. వాయిస్ మెసేజ్ వచ్చింది: "అది తెర మీది గీత మేడమ్ గారూ, ప్రింట్‌లో రాదు. పూచీ నాది. ధైర్యంగా ఇవ్వండి." ఆ మాట నమ్మి ఇచ్చాను.

ప్రింట్‌లో వచ్చింది. బట్ట విప్పి పరచగానే దుకాణం పెద్దాయన కళ్ళజోడు సవరించుకుని, "ఏమ్మా, బండలు పరిచిన నేలలా ఉందే" అన్నారు. బండల మధ్య అతుకులు ఎలా కనిపిస్తాయో కడప వాళ్ళకు ఒకరు చెప్పాలా? అడ్డంగా, నిలువుగా పదకొండు అంగుళాలకు ఒక గీత. పొడవునా లెక్కపెడితే రెండు వందలకు పైగా. ఆయన కోప్పడలేదు. మడత పెట్టించి నా చేతికి ఇచ్చారు. బట్ట, ప్రింటు కలిపి మీటరుకు 240 చొప్పున 14,400 రూపాయలు నా మీద పడ్డాయి.

బస్సులో కూర్చుని ఆ బట్ట ఫొటోలు డిజైన్ గ్రూపులో పెట్టాను. డబ్బు మాట తరువాత, ఇలా ఎందుకు జరిగిందో ముందు చెప్పండి అని మర్యాదగానే అడిగాను. మొన్నటిదాకా "మేడమ్ గారూ" అన్న మనిషి అందరి ముందూ రాసిన జవాబు ఇది: "నీకు గ్రేడియంట్ అంటే ఏమిటో తెలియదు. ప్రింటర్ తప్పు నా మీద రుద్దకు. ఇల్లు చూసుకో." మరుక్షణం నన్ను గ్రూపు నుంచి తీసేశాడు. తొమ్మిదేళ్ళుగా ఇదే పనితో ఇల్లు నడుపుతున్నదాన్ని నేను.

ఇంటికి రాగానే ఫైలును అవుట్‌లైన్‌లో, అంటే రంగులు లేకుండా గీతలు మాత్రమే కనిపించేలా, తెరిచాను. వెక్టర్ అయితే ఒక్కో రేకు గీత విడివిడిగా కనిపించాలి. ఒక్క చతురస్రం తప్ప ఏమీ లేదు. మామూలు పిక్సెళ్ళ చిత్రాన్ని వెక్టర్ ఫైలులో దూర్చి అమ్మాడు. నేల గ్రేడియంట్ ఎడమ పై మూలన లేతగా మొదలై కుడి కింది మూలకు ముదురుతుంది. టైల్ పక్కన టైల్ పెడితే ముదురు అంచు లేత అంచును తాకుతుంది, అక్కడ అతుకు పడి తీరుతుంది. సీమ్‌లెస్ కావాలంటే నేల ఒకే రంగులో ఉండాలి, లేదా ఎదురెదురు అంచుల్లో రంగులు కలవాలి. అంచు దాటిన పువ్వును కోయకుండా, మొత్తం పువ్వుకు నకలు తీసి సరిగ్గా టైల్ వెడల్పంత జరిపి ఎదుటి అంచున పెట్టాలి. కోస్తే కొన్ని సాఫ్ట్‌వేర్లలో గ్రేడియంట్ మిగిలిన ముక్కకు మళ్ళీ సర్దుకుంటుంది, రెండు సగాల్లో వెలుగు కలవదు. ఈ టైల్‌లో రెండు పూలు అలాగే తెగి ఉన్నాయి.

మరి వీడియోలో అతుకు ఎందుకు కనిపించలేదు? ఆపి ఆపి చూశాను. ఒక టైల్‌లో రేకుల మీద వెలుగు ఎడమ నుంచి పడుతోంది, దాని పక్క టైల్‌లో కుడి నుంచి. ఒకటి విడిచి ఒకటి, అద్దంలో ప్రతిబింబంలా తిప్పి పరిచాడు. అలా తిప్పితే ముదురు పక్కన ముదురు, లేత పక్కన లేత వచ్చి అతుకు మాయమవుతుంది. గుండ్రని పూలు కాబట్టి తిప్పిన సంగతి కంటికి తెలియదు. ప్యాటర్న్‌గా నింపినప్పుడు సాఫ్ట్‌వేర్ టైల్‌ను తిప్పదు, ఉన్నది ఉన్నట్టే పరుస్తుంది. అంటే అతుకు ఉందని అతనికి ముందే తెలుసు. తెలిసే నాతో ధైర్యంగా ఇవ్వండి అన్నాడు. డబ్బు పోయినందుకన్నా ఇందుకే నా కడుపు మండిపోతోంది.

నా తప్పూ ఉంది. మా నాన్న మాధవరంలో మగ్గం నేశారు. మగ్గానికి డిజైన్ చెప్పే జకార్డు అట్టలో ఒక్క రంధ్రం తప్పు పడితే ఆ తప్పు చీర పొడవునా తిరిగి తిరిగి వస్తుందని, అందుకే మొదట జానెడు నేసి ఆపి చూసుకోవాలని చిన్నప్పటి నుంచీ వింటూ పెరిగాను. అలాంటిది ఒక్క మీటరు ప్రింటు తీయించి చూసుకోలేదు. 240 రూపాయలతో బయటపడేదాన్ని. ఇంక్‌స్కేప్ అనే వెక్టర్ సాఫ్ట్‌వేర్ ఉచితంగా దొరుకుతుంది. అడోబీ ఇలస్ట్రేటర్ సాఫ్ట్‌వేర్‌లో 2012 నాటి సీఎస్6 వెర్షన్ నుంచే ప్యాటర్న్ తయారీకి ప్రత్యేక ఏర్పాటు ఉంది. ఒక రాత్రి కూర్చుంటే ఈ పూలు నేనే గీసేదాన్ని, గడువుకు భయపడ్డాను.

కొనక తప్పనివారు ముందుగా ఒక్క టైల్ అడిగి తీసుకుని, వరుసకు మూడు చొప్పున మూడు వరుసలు తిప్పకుండా పరిచి చూడండి. గీత కనిపిస్తే పెద్దది చేసి చూడండి. తెర గీత ఎంత పెంచినా వెంట్రుకంతే ఉంటుంది. రంగు తేడా అయితే గీతకు అటూ ఇటూ రెండు రంగులు విడిపోయి కనిపిస్తాయి.

ఆ ప్యాక్ కొని ఇప్పటికే ప్రింట్‌కు ఇచ్చినవారు పొద్దున్నే ఫోను చేసి ఆపించండి. ఇంతవరకు ముప్పై ఫైళ్ళు తెరిచాను, పంతొమ్మిదింటిలో ఇదే అతుకు ఉంది.