పెంటాక్స్ పాపిలియో 2 (6.5×21): జిల్లేడు చెట్టు ముందు దీనికి సాటి లేదు

పిట్టలు చూడటానికి బైనాక్యులర్ కావాలంటే చాలా దుకాణాల్లో 10×50 (పది రెట్లు దగ్గరగా చూపేది, ముందు కటకం వ్యాసం 50 మి.మీ.) చేతిలో పెడతారు. మోదుగ పూసే ఫిబ్రవరి, మార్చిల్లో అడవి బాట నడిచేవాళ్లకు అది సగం పనికే వస్తుంది. కొమ్మ చివర కూర్చున్న కంసాలి పిట్ట బాగానే దొరుకుతుంది. కాళ్ల దగ్గర గడ్డి చామంతి మీద వాలిన సీతాకోక మాత్రం మసకే.

పాపిలియో బైనాక్యులర్ ఆ రెండో సగం కోసం చేసింది. బరువు 290 గ్రాములు, ఫోకస్ అరమీటరు నుంచే మొదలు. మామూలు బైనాక్యులర్‌ను అంత దగ్గరికి తెస్తే రెండు గొట్టాలూ రెండు వేరు చోట్లను చూస్తాయి, బొమ్మలు కలవవు. ఇందులో దగ్గరి వస్తువుకు ఫోకస్ చక్రం తిప్పేకొద్దీ ముందు కటకాలు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. కిటుకంతా అదే.

ఫలితం జిల్లేడు దగ్గర తెలుస్తుంది. తుమ్మెద పువ్వు మీద వాలినప్పుడు దాని కాళ్లకు అంటుకున్న పుప్పొడి ముద్దలు కనిపిస్తాయి. ఆకు అడుగున చారల గొంగళి ఉంటే నల్లటి కొమ్ముల జతలు లెక్కపెట్టండి. మూడు ఉంటే అది ప్లెయిన్ టైగర్ అనే సీతాకోక గొంగళి. గడ్డి చామంతి తెల్ల రేకు చివర మూడు నొక్కులు, మధ్యలో పసుపు గొట్టాల్లాంటి చిన్న పూలు విడివిడిగా తెలుస్తాయి. పువ్వును కోసి కంటి దగ్గర, పావు మీటరులో పెట్టుకున్నా ఇందులో కనిపించే సైజులో మూడో వంతే ఉంటుంది. కోయాల్సిన పనే లేదు.

మోదుగ మీది తేనెపిట్టకూ, గోరువంకకూ ఇది చాలు. చెరువు అవతలి బాతులకు చాలదు. అసలు లోటు వెలుతురుది. 21ని 6.5తో భాగిస్తే కంటికి చేరే కాంతి వలయం 3.2 మి.మీ.; 8×42లో అది 5 మి.మీ. పైమాటే. అందుకే తెల్లవారుజామున, పొదల నీడలో పిట్ట రంగులు తేలవు. ఎండ పొడిచాక తీయండి, సీతాకోకలు రెక్కలు విప్పేదీ అప్పుడే. 8.5×21 రకం కూడా ఉంది గానీ వద్దు: వలయం 2.5 మి.మీ.కి పడిపోతుంది, చేతి వణుకూ ఎక్కువ తెలుస్తుంది.

కొన్నాక మొదట చేయాల్సింది: కుడి కన్ను మూసి, పది మీటర్ల దూరంలోని బోర్డును ఎడమ కంటితో చూస్తూ చక్రంతో ఫోకస్ చేయాలి. తర్వాత ఎడమ కన్ను మూసి, చక్రం ముట్టకుండా కుడి కంటి రింగు సర్దాలి. ఇది వదిలేసినవాళ్లే తలనొప్పి అంటారు. కళ్లజోడు ఉంటే కంటి కప్పులు పైకి తిప్పకండి. అయినా దృశ్యం అంచులు కొంత తెగుతాయి, కటకానికీ కంటికీ మధ్య వదిలిన దూరం 15 మి.మీ.యే మరి.

దగ్గర్లో స్పష్టంగా ఉండే లోతు చాలా తక్కువ. చక్రంతో కుస్తీ పట్టేకంటే ఫోకస్ ఒకచోట ఉంచి మీరే ముందుకూ వెనక్కూ ఊగండి. మీ నీడ పువ్వు మీద పడితే సీతాకోక లేచిపోతుంది. తుమ్మెదకు అరమీటరు పర్వాలేదు, కొమ్మకు వేలాడే పెద్ద తేనెపట్టు జోలికి మాత్రం వెళ్లకండి.

ఇది నీటికి ఆగదు. జూన్ వచ్చేసరికి మూత బిగుతుగా పట్టే డబ్బాలో సిలికా జెల్ పొట్లాలతో పెట్టేయండి, లేకపోతే కటకాల లోపల బూజు పడుతుంది.